మోకాలి ఆపరేషన్ కోసం విదేశం: ఎవరి సేవ ఎలా ఉంది

మా అక్క మోకాలి కీలు మార్పిడికి తోడుగా విదేశం వెళ్ళొచ్చాను. సర్జన్, నర్సులు చాలా బాగా చూశారు, అందులో రెండో మాట లేదు. నేను చెప్పాలనుకున్నది ఆసుపత్రి చుట్టూ ఉన్నవాళ్ళ గురించి: ఏజెన్సీ, కారు, దుభాషి, బస, ఫిజియో. రోగి ఎంత తేలిగ్గా కోలుకుంటారన్నది వీళ్ళ మధ్య సమన్వయం మీద చాలా ఆధారపడి ఉంటుంది.

ఏజెన్సీ వీసా పత్రాలు, అపాయింట్‌మెంట్లు చకచకా చూసిపెట్టింది. అయితే ఈ రంగంలో చాలాచోట్ల ఏజెన్సీకి కమిషన్ ఇచ్చేది ఆసుపత్రే. వాళ్ళు చూపించే జాబితాలో ఒప్పందం ఉన్న పేర్లే ఎక్కువ ఉంటాయి. అందుకే ఆసుపత్రికి జేసీఐ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే అంతర్జాతీయ సంస్థ) గుర్తింపు ఉందో లేదో మేం విడిగా చూసుకున్నాం. ఆ గుర్తింపు ఆసుపత్రికే పరిమితం, బయటి బసకూ కారుకూ వర్తించదు. మెడికల్ టూరిజం సేవలకని 2020లో ఐఎస్ఓ 22525 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది కానీ, పాటించి తీరాలని లేదు.

అసలు ఇబ్బంది బస దగ్గరే. "రోగులకు అనుకూలం" అని ఏజెన్సీ ఇచ్చిన అపార్ట్‌మెంట్‌లో బాత్రూమ్ గడప బెత్తెడు ఎత్తుంది. వాకర్ కాళ్ళు దానికి తగిలి ఆగిపోయేవి. పట్టుకుందామంటే గోడకి కడ్డీ లేదు. ఆపరేషనైన కాలు ఎత్తి గడప దాటాలంటే అక్కకి వణుకే. ఆసుపత్రిని అడిగితే ఏజెన్సీని అడగమన్నారు, ఏజెన్సీ ఇంటి ఓనర్‌ని అడగమంది. ఇక లాభం లేదని ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. గది ఇరుకు, కిటికీ తెరిస్తే ఎదురుగా గోడే. కానీ బాత్రూమ్‌లో కడ్డీలున్నాయి, ఫిజియో గదికే వచ్చేది, రాత్రి బెల్ కొడితే నర్సు వచ్చేది. నా ఓటు దానికే.

దుభాషి ఆసుపత్రి ఉద్యోగే. మందుల మోతాదు రెండేసిసార్లు చెప్పించేది, ఎంతో ధైర్యంగా అనిపించింది.

4 గంటలు దాటిన ప్రయాణంలో కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, ఇలాంటి ఆపరేషన్ తర్వాత మరీనూ. అందుకని తేదీ మార్చుకునే వీలున్న టికెట్ తీసుకుని, సర్జన్ సరేనన్నాకే బయల్దేరాం. డిశ్చార్జి రోజు నర్సు ఇంప్లాంట్ (అమర్చిన కృత్రిమ కీలు) స్టిక్కర్లు ఫైల్లో అంటించి, కంపెనీ పేరు, సైజు, లాట్ నంబర్ వేలుపెట్టి చూపించింది. రేపు ఆ కీలుకి ఏమైనా వస్తే, చూసే డాక్టర్‌కి ముందు కావాల్సింది ఆ వివరాలే. ఎక్స్‌రేలు కూడా డైకామ్ (వైద్య స్కాన్‌లను కంప్యూటర్‌లో దాచే ప్రామాణిక పద్ధతి) ఫైళ్ళుగా అడిగి తీసుకోండి.

ఏజెన్సీ ప్యాకేజీ ఎయిర్‌పోర్టు దగ్గరే ముగిసింది. ఇంటికొచ్చాక చూసే ఆర్థోపెడిక్ డాక్టర్‌తో మేం వెళ్ళకముందే మాట్లాడి ఉంచాం. డిశ్చార్జి సమ్మరీని సర్జన్ నేరుగా ఆయనకే పంపించారు.