మోకాలి ఇంజెక్షన్: సూది వేసిన తీరు మంచిదే, చెప్పిన మాటే సరికాదు

లాల్‌బాగ్‌లో ఏళ్ల తరబడి పరుగెత్తిన నా కుడి మోకాలిలో గుజ్జు అరిగిందని తేలడంతో, దక్షిణ బెంగళూరులోని ఒక ఎముకల క్లినిక్‌లో హైలురోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ చేయించుకున్నాను. అల్ట్రాసౌండ్ తెరపై చూస్తూ సూదిని సరిగ్గా కీలులోకే దించిన డాక్టరుగారి పనితనాన్ని తప్పుపట్టలేను. మా కడప యాసలో పలకరించి భయం కూడా పోగొట్టారు. నా అసంతృప్తి అంతా ముందుగా ఇచ్చిన సలహా గురించే. కీలులో సహజంగా ఉండే జిగురు ద్రవానికి తోడుగా ఎక్కించే ఈ మందు అరిగిన మృదులాస్థిని (మనం గుజ్జు అనేదాన్ని) తిరిగి పెంచదు. అయినా కౌంటరులోని అమ్మాయి "గుజ్జు మళ్లీ వస్తుంది సార్" అని నమ్మకంగా చెప్పింది. అమెరికా ఎముకల వైద్యుల అకాడమీ 2021 మార్గదర్శకాలు మోకాలి అరుగుదలకు దీన్ని మామూలుగా వాడడాన్ని సిఫారసు చేయలేదనీ, దీనికి బదులుగా వేసే స్టెరాయిడ్ సూది ఇచ్చే ఉపశమనం సాధారణంగా కొన్ని వారాలదేననీ నేను విడిగా చదివి తెలుసుకోవలసి వచ్చింది. రెండు నెలలకు మెట్లు దిగేటప్పటి నొప్పి కొంత తగ్గింది. అందులో సూది వాటా ఎంతో, వాళ్ల ఫిజియోథెరపిస్టు పట్టుబట్టి చేయించిన తొడ కండరాల వ్యాయామాల వాటా ఎంతో విడదీయలేను. అయిదింటికి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. ఫిజియోథెరపీకి మాత్రం మళ్లీ అక్కడికే వెళ్తాను.