హెడ్ క్లీనింగ్ కొట్టడమా, క్యాప్ తుడవడమా: ఏది మేలు?

ఇంక్‌ట్యాంక్ ప్రింటర్‌లో అక్షరాలు గీతలు గీతలుగా వస్తే అందరం ముందు చేసేది హెడ్ క్లీనింగ్ కొట్టడం, అంటే కాగితం మీద ఇంకు చిమ్మే హెడ్‌ను శుభ్రం చేసే బటన్ నొక్కడం. పోకపోతే మళ్లీ కొడతాం. పెళ్లికని మా జిరాక్స్ షాపు పది రోజులు మూసి తెరిచేసరికి నలుపు సగం రావట్లేదు. బయట అడ్మిషన్ల రద్దీ. టెన్షన్‌లో ఏడుసార్లు కొట్టాను, ఇంకా పాడైంది.

ఆ క్లీనింగ్ ఎలా జరుగుతుందో తెలిస్తే అలా కొట్టబుద్ధి కాదు. పని లేనప్పుడు హెడ్ కుడి చివర రబ్బరు అంచున్న క్యాప్ మీద కూర్చుంటుంది. క్లీనింగ్ కొట్టగానే కింది పంపు ఆ క్యాప్‌లోంచి లాగుతుంది. ఆ లాగుడికి నాజిళ్లలో, అంటే హెడ్ అడుగున ఇంకు వచ్చే సన్నని రంధ్రాల్లో, ఎండిన ఇంకు ఊడివస్తుంది, తర్వాత వైపర్ అనే రబ్బరు పట్టీ హెడ్ అడుగును తుడుస్తుంది. క్యాప్ అంచు మీద ఇంకు గడ్డకట్టి ఉంటే అది హెడ్‌కు అతకదు. పంపు గాలిని లాగుతుంది తప్ప ఇంకును కాదు. నా ప్రింటర్‌లో జరిగిందదే.

ఏది చేయాలో నాజిల్ చెక్ కాగితమే, అంటే ఏ నాజిల్ పనిచేస్తోందో చూడ్డానికి ప్రింటర్ వేసే గీతల నమూనాయే, చెబుతుంది. ఖాళీలు ప్రతిసారీ ఒకే చోట ఉంటే అది ఎండిన ఇంకు, క్లీనింగ్ సరిపోవచ్చు. ఖాళీలు చోటు మారుతుంటే, లేదా క్లీనింగ్ తర్వాత పెరిగితే, క్యాప్‌నో లోపలి గాలినో అనుమానించాలి.

బటన్‌తో సుఖం ఏమిటంటే మూత తీయక్కర్లేదు. కానీ ప్రతిసారీ ఇంకు పోతుంది, అది చేరే వేస్ట్ ప్యాడ్ నిండుతుంది. ప్యాడ్ నిండిందని తన లెక్కలో తేలితే ప్రింటర్ ఆగిపోతుంది. ఎప్సన్ ఎల్3110 మాన్యువల్ కూడా మూడుసార్లు చేశాక తగ్గకపోతే 12 గంటలు ఆగమంటుంది. అప్పటికీ తగ్గకపోతేనే పవర్ క్లీనింగ్. అది గొట్టాల్లోని ఇంకునంతా మార్చేస్తుంది కాబట్టి ట్యాంకుల్లో కనీసం మూడో వంతు ఇంకు ఉండాలి. గొట్టాల్లో గాలి చేరినప్పుడు అదే సరైన మందు. మురికి క్యాప్‌కు మాత్రం దాంతో ఉపయోగం లేదు.

క్యాప్ తుడవడానికి పదిహేను నిమిషాలు, కొంచెం ఓపిక కావాలి. ప్రింట్ ఇచ్చి హెడ్ ఎడమకు కదిలినప్పుడు ప్లగ్ తీసేయండి. క్యాప్‌లోని స్పాంజి మీద డిస్టిల్డ్ వాటర్ చుక్కలు వేసి పది నిమిషాలు నాననివ్వండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు చాలు. బోరు నీళ్లలో ఉప్పులుంటాయి, అవి వద్దు. పీచు రాలని బట్టతో క్యాప్ అంచునూ వైపర్‌నూ మెత్తగా తుడవండి. ఆ సాయంత్రం నేనిలా చేసి రాత్రంతా వదిలేశాను. తెల్లారి ఒక్క క్లీనింగ్‌తో నలుపు నిండుగా వచ్చింది.

కాబట్టి నా మాట: రెండుసార్లు బటన్, మూడోసారికి ముందు క్యాప్. క్యాప్ తుడిచేటప్పుడు తప్ప, ప్రింటర్‌ను ఎప్పుడూ దాని బటన్‌తోనే ఆపండి. స్విచ్‌బోర్డు దగ్గర ఆపేస్తే హెడ్ క్యాప్ మీదకు చేరకుండానే ఆగి ఎండిపోవచ్చు. హెచ్‌పీ 680 లాంటి కార్ట్రిడ్జ్‌లకు ఈ బాధ తక్కువ. హెడ్ కార్ట్రిడ్జ్‌లోనే ఉంటుంది, మారిస్తే హెడ్ కూడా కొత్తదే.