పైథాన్ 3తో బైట్లని ఫైల్లోకి రాయడం: చాలా ఏళ్ల వాడకం తర్వాత నా మాట

పూర్ణా మార్కెట్, డాబాగార్డెన్స్ వైపు షాపులకి బిల్లింగ్ ప్రోగ్రాములు రాసిస్తుంటాను. వైజాగ్‌లో ఈ మధ్య అందరూ అడిగేది ఒకటే, బిల్లు మీద సరుకు పేరు తెలుగులో పడాలి. చవక థర్మల్ ప్రింటర్లకి తెలుగు అక్షరాలు రావు, కాబట్టి పేరుని బొమ్మగా గీసి, దాన్ని బైట్లుగా, అంటే 0 నుంచి 255 వరకు ఉండే అంకెలుగా మార్చి, ఫైల్లో రాసి ప్రింటర్‌కి పంపాలి. ఈ పనికి చాలా ఏళ్లుగా పైథాన్ 3 అనే ప్రోగ్రామింగ్ భాష వాడుతున్నా, అదీ విండోస్ మీద.

నాకు బాగా నచ్చింది దాని మొండితనం. 2008లో వచ్చినప్పుడే టెక్స్ట్ వేరు, బైట్లు వేరు అని తేల్చేశారు. ఫైలుని 'డబ్ల్యూబీ' (బైట్లు రాసే) మోడ్‌లో తెరిచి స్ట్రింగ్, అంటే టెక్స్ట్ రాయబోతే టైప్ ఎర్రర్, 'డబ్ల్యూ' (టెక్స్ట్ రాసే) మోడ్‌లో తెరిచి బైట్లు రాయబోయినా టైప్ ఎర్రర్. కొత్త కుర్రాళ్లకి ఇది మహా చిరాకు. వెంటనే ఎక్కడో చూసి ఒక డీకోడ్ (బైట్లని టెక్స్ట్‌గా మార్చే ఆదేశం) తగిలిస్తారు, ఎర్రర్ పోతుంది, దాంతోపాటు ఫైలూ పోతుంది.

ఒక హోల్‌సేల్ కిరాణా షాపులో సరిగ్గా ఇదే చూశాను. అంతకుముందు ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాం బొమ్మ బైట్లని లాటిన్-1 (ఒక్కో బైటుని ఒక్కో అక్షరంగా చూసే ఎన్‌కోడింగ్) ప్రకారం డీకోడ్ చేసి, యూటీఎఫ్-8 (ఒక్కో అక్షరానికి ఒకటి నుంచి నాలుగు బైట్లు వాడే ఎన్‌కోడింగ్) టెక్స్ట్ ఫైలుగా రాసేస్తోంది. 127 వరకు ఉన్న బైట్లకి ఎన్‌కోడింగ్ వల్ల ఏమీ కాదు, అందుకే కొన్ని పేర్లు శుభ్రంగా పడేవి, అదే అసలు తిప్పలు. 128 నుంచి పైనున్న ప్రతి బైటూ రెండవుతుంది, మొదటిది 194 గానీ 195 గానీ. ఇది చాలదన్నట్టు విండోస్‌లో టెక్స్ట్ మోడ్ 10 అనే బైటు కనబడిన ప్రతిచోటా ముందు ఒక 13 చేరుస్తుంది. 58 మిల్లీమీటర్ల ప్రింటర్లో వరుసకి 384 చుక్కలు, అంటే 48 బైట్లు. మధ్యలో ఒక్క బైటు ఎక్కువైతే అక్కడి నుంచి మిగతా బొమ్మంతా ఎనిమిది చుక్కలు పక్కకి జరుగుతుంది, ప్రింటర్ తన లెక్క ప్రకారం తీసుకోవాల్సినన్ని తీసుకుని, మిగిలినవాటిని మామూలు అక్షరాలనుకుని చెత్తంతా కొడుతుంది. షాపాయన రోలు చేతిలో పట్టుకుని "ఏటి బాబూ ఇది, మినపప్పు కాస్తా మెట్లెక్కుతోంది" అన్నాడు. 'డబ్ల్యూబీ' పెట్టి డీకోడ్ తీసేస్తే అయిపోయింది.

లాటిన్-1 దెబ్బని ఎలాగోలా వెనక్కి తిప్పుకోవచ్చు. యూటీఎఫ్-8గా డీకోడ్ చేస్తూ ఎర్రర్స్ దగ్గర 'రీప్లేస్' పెడితే మాత్రం ఆ ఫైలు మీద ఆశ వదులుకోండి, పనికిరాదనుకున్న చోటల్లా 239, 191, 189 కూర్చుంటాయి, అసలు అక్కడ ఏముండేదో ఇక తెలీదు.

ఎక్కడ పాడవుతోందో అర్థం కాకపోతే ఒక పీఎన్‌జీ బొమ్మ ఫైలుని అదే దారిలో పంపి మొదటి బైట్లు చూడండి. అవి 137, 80, 78, 71, 13, 10, 26, 10 అని ఉండాలి, ఇలాంటి చెడుగుడు బయటపడాలనే ఆ ఫార్మాట్ చేసినవాళ్లు ఈ అంకెలు ఏరి పెట్టారు. మొదట్లోనే 194 కనబడితే ఎన్‌కోడింగ్ గొడవ, 13 రెండుసార్లు వస్తే టెక్స్ట్ మోడ్. మొదట్లో 255, 254 ఉంటే విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్ 5.1లో '>' గుర్తుతో ఫైల్లోకి మళ్లించారన్నమాట, అది నోరెత్తకుండా అంతా యూటీఎఫ్-16 అనే వేరే ఎన్‌కోడింగ్‌లోకి మార్చేస్తుంది. పవర్‌షెల్ 7.4 నుంచి బయటి ప్రోగ్రాముల బైట్లని ఉన్నవున్నట్టు వదిలేస్తోంది, సంతోషం.

ఇక నచ్చనిది. బైట్ల దగ్గర అంత కచ్చితంగా ఉండే పైథాన్, టెక్స్ట్ ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే విండోస్ సెట్టింగ్ చూసి ఊహించుకుంటుంది. మన మెషీన్లలో అది ఎక్కువగా సీపీ1252, పశ్చిమ యూరప్ భాషల ఎన్‌కోడింగ్. అందులో తెలుగు లేదు, 'కందిపప్పు' రాయగానే చార్‌మ్యాప్ ఎర్రర్. అదే కోడ్ లైనక్స్ ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తుంది, షాపుకెళ్లాక టెన్షన్ మొదలవుతుంది.

పొడవుల సంగతి కూడా చూసుకోండి. 'కందిపప్పు' స్ట్రింగ్ పొడవు 9 (సున్నా, గుడి, కొమ్ము, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క), యూటీఎఫ్-8లో 27 బైట్లు. రికార్డు హెడర్‌లో, అంటే ఎన్ని బైట్లు చదవాలో చెప్పే మొదటి భాగంలో 9 రాశారంటే చదివేవాడికి 'కంది' మాత్రం రాదు, 'కం' దాటి ఒక 'ద' దగ్గర ఆగిపోతుంది. 20 బైట్ల గడిలో కుక్కితే ఆ తొమ్మిదిలో ఏడోది మధ్యలో తెగుతుంది. ముందు ఎన్‌కోడ్, తర్వాతే పొడవు.

పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేయాలని పెప్ 686 అనే పైథాన్ మార్పుల ప్రతిపాదనలో నిర్ణయించారు. మంచిదే, కానీ నా షాపుల్లో ఇంకా విండోస్ 7 మెషీన్లున్నాయి, వాటి మీద పైథాన్ 3.8 దాటి ఎక్కదు, కాబట్టి నేను ప్రతి ఓపెన్‌లోనూ ఎన్‌కోడింగ్ చేత్తో రాస్తూనే ఉంటాను. నా మార్కులు ఐదుకి నాలుగు.