సముద్రమా, నదా, కాగితమా? అమెరికా దొంగ మద్యానికి ఏ దారి మేలు?

1920 జనవరి 17 నుంచి 1933 డిసెంబరు 5 దాకా అమెరికాలో మద్యం తయారీ, అమ్మకం, రవాణా నేరం. తాగడం మాత్రం నేరం కాదు. చట్టంలోని ఈ తిరకాసు వల్ల గిరాకీ అలాగే ఉండిపోయింది, సరుకుకే కరువొచ్చింది. దాన్ని చేరవేసిన దారుల్లో మూడింటిని తూకం వేద్దాం. తూచేది నీతిని కాదు, సరుకు దాటించేవాడి లాభనష్టాలను.

సముద్రం మీద పేరు మోసినవాడు బిల్ మెకాయ్. తాను చుక్క ముట్టడు. బహమాస్‌లోని నసావులో ‘అరెథూసా’ అనే తెరచాప ఓడ నింపుకుని న్యూజెర్సీ, న్యూయార్క్ తీరాల ఎదుట లంగరు వేసేవాడు. అప్పట్లో అమెరికా అధికారం ఒడ్డు నుంచి మూడు మైళ్ల వరకే. ఆ గీత అవతల బారులు తీరిన ఓడలకు ‘రమ్ రో’ అని పేరు. చీకటి పడ్డాక మోటారు పడవలు వచ్చి, నగదు ఇచ్చి సరుకు దించుకునేవి. చెక్కపెట్టెలు చోటు తింటాయని మెకాయ్ ఆరు సీసాలను కింద మూడు, మధ్యన రెండు, పైన ఒకటిగా పేర్చి, గడ్డి చుట్టి, గోనెగుడ్డలో బిగించి కుట్టించేవాడు. కిరాణా కొట్టు సర్దినవాళ్లకు ఆ తెలివి విలువ ఇట్టే తెలుస్తుంది.

కానీ ఓడంటే పెట్టుబడి, నావికుల జీతాలు, తుపాన్లు. పైగా దొంగ సరుకునే దోచుకునే దొంగలు. 1923 నవంబరులో తీర రక్షక దళం నౌక ‘సెనెకా’ మెకాయ్‌ని పట్టుకుంది. తొమ్మిది నెలల జైలు. మరుసటి ఏడాది బ్రిటన్‌తో ఒప్పందం కుదిరి మూడు మైళ్ల గీత కాస్తా గంట ప్రయాణమంత దూరానికి జరిగింది. చిన్న పడవల పని కష్టమైంది. 1929లో ‘ఐ యామ్ అలోన్’ అనే కెనడా ఓడను తీరానికి రెండు వందల మైళ్లకు పైగా తరిమి ముంచేశారు. ఒక నావికుడు చనిపోయాడు. అమెరికా తరువాత క్షమాపణ చెప్పి కెనడాకు 25,000 డాలర్లు చెల్లించింది, కానీ ఓడ సముద్రం అడుగునే ఉండిపోయింది.

డెట్రాయిట్ నది సంగతి వేరు. ఇరుకైన చోట దాని వెడల్పు మైలు కూడా లేదు. అవతల ఒడ్డు కెనడాలోని విండ్సర్. విండ్సర్ ఉన్న ఒంటారియో రాష్ట్రంలోనూ 1927 దాకా చిల్లర అమ్మకంపై నిషేధమే, అయినా తయారీకీ ఎగుమతికీ అడ్డులేదు. అందుకని తెడ్డు పడవవాడు క్యూబాకు సరుకు తీసుకెళ్తున్నట్టు కాగితం రాయించుకునేవాడు. కాసేపట్లో ఖాళీ పడవతో తిరిగొచ్చి, మళ్లీ క్యూబాకే బయలుదేరేవాడు! రేవులో అధికారులకు భూగోళం తెలియక కాదు. చలికాలంలో నది గడ్డకడితే పాత కార్లు మంచు మీదే పరుగెత్తేవి. మంచు పగిలితే దూకేయడానికి వీలుగా తలుపులు ఊడబీకేవారు. డెట్రాయిట్‌లో పర్పుల్ గ్యాంగు అనే నేరగాళ్ల ముఠా బెడద ఉంది, నిజమే. 1930లో కెనడా కూడా అమెరికాకు మద్యం ఎగుమతి అనుమతులు ఆపేసింది. కానీ అప్పటికే పదేళ్లు గడిచాయి.

ఇక కాగితం. మందుల దుకాణం నడిపి, తరువాత వకీలైన జార్జ్ రీమస్ చట్టాన్ని అక్షరం అక్షరం చదివాడు. వైద్యుడి చీటీ ఉంటే విస్కీ అమ్మవచ్చని అందులో ఉంది. మన భాషలో ‘మందు’కు రెండర్థాలు కదా, తెలుగు రాకపోయినా ఆ శ్లేషతోనే అతను కోటీశ్వరుడయ్యాడు. సిన్సినాటి చేరి డిస్టిలరీలు కొన్నాడు, మందుల కంపెనీ పెట్టాడు, అనుమతితో బయటికొచ్చిన సరుకును దారిలో తన మనుషులతోనే దోపిడీ చేయించి దొంగచాటుగా అమ్ముకున్నాడు. లాభంలో దీనికి సాటి లేదు. అయితే ప్రతి అడుగుకూ సంతకం, ప్రతి సంతకానికీ లంచం. చివరికి అట్లాంటా జైలు.

తాగేవాడికైతే మెకాయ్ సరుకు మేలు, అందులో కల్తీ ఉండేది కాదు. గుట్టలుగా డబ్బు కావాలంటే రీమస్ దారి. నన్నడిగితే మాత్రం నది. పెట్టుబడి ఒక పడవ, పోతే పోయేదీ ఆ పడవే. మెకాయ్ గురించీ రీమస్ గురించీ ఇంత వివరంగా రాయగలుగుతున్నామంటే వాళ్లు పట్టుబడి కేసుల్లోకి ఎక్కారు కనుక. విండ్సర్ నుంచి రోజూ ‘క్యూబా’ వెళ్లొచ్చిన ఆ తెడ్డు పడవవాడి పేరు చెప్పమంటే నేను చెప్పలేను.