కోళ్ల గూటికి ఆటోమేటిక్ తలుపు: కొన్నేళ్లు వాడాక చెప్తున్నా

ముందే చెప్పేస్తా, కొనాలా వద్దా అంటే కొనండి. కానీ ఇది బిగించేసి కోళ్లని దాని మీద వదిలేసి మూడు వారాలు ఇండియా వెళ్లిపోవచ్చు అని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మకండి.

మేం ఉండేది బ్రిస్టల్‌లో. ఇంగ్లాండ్‌లో టౌన్ నక్కల గురించి ఎవరు మాట్లాడినా ఈ ఊరి పేరు రాక మానదు, ఇక్కడి యూనివర్సిటీ వాళ్లు దశాబ్దాల పాటు వీటి మీద స్టడీ చేశారు, 1994లో గజ్జి పట్టుకుని ఊళ్లో నక్కలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, తర్వాత మెల్లగా మళ్లీ పెరిగాయి. ఇప్పుడు మా వీధిలో చెత్త బండి వచ్చే ముందు రాత్రి చూడాలి, మనిషి ఎదురొచ్చినా పక్కకి తప్పుకోవు. అలాంటి చోట పెరట్లో నాలుగు పెట్టలు పెంచుతున్నాం. పుంజు లేదు, పక్కింటోళ్లు ఊరుకోరు. పెట్టలు బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్ట్ నుంచి తెచ్చుకున్నవి, పెద్ద ఫారాల్లో గుడ్లు తగ్గాక తీసేసే కోళ్లని వాళ్లు ఇలా ఇళ్లకి ఇస్తారు.

నా దగ్గరున్నది తాడు మోడల్. గూటి పైన మోటార్ డబ్బా, దాన్నుంచి తాడు, తాడుకి అల్యూమినియం పలక, రెండు పక్కలా గాడి. నాలుగు డబుల్ ఏ బ్యాటరీలు. లైట్ సెన్సార్ ఉంది, టైమర్ కూడా ఉంది. బ్రాండ్ చెప్పను, ఈ రకంవన్నీ ఇంచుమించు ఒకేలా పనిచేస్తాయి.

బాక్స్ మీద రాసింది ఏంటంటే పొద్దున వెలుగు రాగానే తెరుచుకుంటుంది సాయంత్రం చీకటి పడగానే మూసుకుంటుంది అని, వినడానికి బానే ఉంటుంది కానీ ఇంగ్లాండ్‌లో జూన్ నెలలో ఐదు కాకముందే తెల్లారిపోతుంది, అప్పటికి నక్క ఇంకా డ్యూటీలోనే ఉంటుంది, మనం మంచి నిద్రలో ఉంటాం. అందుకని నా సెట్టింగ్ ఇది: తెరవడం టైమర్ మీద, ఎనిమిదికి, ఎండాకాలం అయినా చలికాలం అయినా. మూయడం మాత్రం సెన్సార్ మీద. మూసేది కూడా టైమర్ మీద పెడితే ప్రతి రెండు వారాలకీ మార్చుకుంటూ కూర్చోవాలి, ఎందుకంటే ఇక్కడ పొద్దు గూకేది జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి, డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికి. కోడి గడియారం చూడదు, వెలుతురు చూసి గూటికి చేరుతుంది. ఇంకోటి, సెన్సార్ మీద పక్కింటి సెక్యూరిటీ లైట్ పడకుండా చూసుకోండి, లేకపోతే చీకటి పడిందో లేదో దానికి అర్థం కాదు.

కొనేటప్పుడు మిగతావి ఎలా ఉన్నా లాక్ ఒక్కటి తప్పకుండా చూడండి. పలక కిందికి దిగాక పక్కల నుంచి కొక్కేలు పడే రకం కావాలి. ఊరికే బరువు మీద నిలబడే పలకని నక్క మూతితోనో గోళ్లతోనో పైకి లేపేస్తుంది. నాది లాక్ ఉన్నదే, పలక కింది అంచున గీతలు చాలా పడ్డాయి కానీ లేవలేదు.

ఇక చలికాలం సంగతి. నాకు ఈ తలుపుతో ఉన్న అసలు గొడవ అదే. పలక దిగే చోట కింద ఒక గాడి ఉంటుంది, కోళ్లు గూట్లోంచి బయటికి వచ్చేటప్పుడు కాళ్లతో రంపపు పొట్టు, రెట్ట అన్నీ అందులోకి ఈడుస్తాయి, దాని మీద వాన పడి రాత్రికి గడ్డకడితే రాయి అయిపోతుంది. ఓ జనవరి రాత్రి పడుకోబోయే ముందు టార్చ్ వేసి చూస్తే పలక బెత్తెడు పైనే ఆగిపోయి ఉంది, మోటార్ మాత్రం పని అయిపోయిందన్నట్టు పచ్చ లైట్ వేసుకుని కూర్చుంది. నక్క మూతి పెట్టి పలకని పైకి లేపడానికి ఆ సందు చాలు. కింది గాడిని రంపంతో కోసేసి చదునుగా చెక్క పెట్టాక ఆ బాధ తగ్గింది. మంచు రోజుల్లో మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు త్వరగా నీరసపడతాయి, లిథియం వేస్తే నిలుస్తాయి, రేటు ఎక్కువే అనుకోండి. పక్క గాడుల్లో ఎర్ర కోడిపేలు కూడా కాపురం పెడతాయి, అప్పుడప్పుడూ విప్పి కడగాలి, తాడు ఎక్కడన్నా పీచు లేస్తోందేమో అప్పుడే చూసుకోవచ్చు.

సరే, ఊరెళ్లినప్పుడు ఎలా ఉంటుంది అన్నదే కదా అందరికీ కావాల్సింది. ఈ తలుపుకి కోళ్లు లోపల ఉన్నాయా బయట ఉన్నాయా తెలీదు, చీకటి పడింది, మూసింది, అంతే. మా తమ్ముడి పెళ్లికి మే నెలలో విజయవాడ వెళ్లాం. అర్ధరాత్రి దాటాక రెండుంపావుకి ముహూర్తం, ఇక్కడి టైం ప్రకారం అదే సరిగ్గా కోళ్లు గూట్లోకి చేరే వేళ. జీలకర్ర బెల్లం పెడుతుంటే నేను మండపం పక్కన నిలబడి, గూటి దగ్గర పెట్టిన కెమెరాని ఫోన్‌లో చూస్తున్నా. తలుపు దిగిపోయింది, కొత్తగా వచ్చిన ఎర్ర పెట్ట మాత్రం గులాబీ చెట్టు కింద ముడుచుకుని బయటే ఉంది. ఫారంలో పెరిగిన కోళ్లకి సాయంత్రం గూటికి వెళ్లాలన్న అలవాటు రావడానికి కొన్నాళ్లు పడుతుంది. పక్కింటి పెద్దావిడకి ఫోన్ కొడితే పాపం నైట్ గౌను మీద కోటు వేసుకుని వచ్చి టార్చ్ పెట్టి వెతికి ఎత్తుకుని లోపల పెట్టింది. తలంబ్రాల టైంకి నేను వెళ్లి ఫోటోలో నిలబడ్డా. అమ్మ మొత్తం చూసి "మన ఊళ్లో అయితే గంప మూసి పైన రాయి పెడితే సరిపోయేది కదరా, దీనికి ఇంత ఖర్చా" అంది. ఏం చెప్తాం.

ఆ రాత్రి కెమెరాలోనే ఇంకోటి కూడా కనపడింది, ఆవిడ వెళ్లిన కాసేపటికే నక్క వచ్చి జాలీ చుట్టూ ఒక రౌండ్ వేసి తలుపు ఎదురుగా కూర్చుంది. గోతికాడ నక్క అంటారు చూడండి, అచ్చం అలాగే. చాలాసేపు కూర్చుని, లేచి మూల దగ్గర తవ్వడం మొదలెట్టింది, కింద జాలీ తగిలింది, వెళ్లిపోయింది.

అందుకే నా లెక్కలో తలుపు కన్నా ముందు డబ్బు పెట్టాల్సింది జాలీకి. గూటి ముందు కోళ్లు తిరిగే చోటంతా వెల్డెడ్ మెష్ ఉండాలి. ఆరు మూలల కన్నాల సన్న జాలీ కోడిని లోపల ఉంచుతుందేమో గానీ నక్కని ఆపదు, కొరికి చింపేస్తుంది. పైన కప్పు కూడా కావాలి, ఆరడుగుల గోడ నక్కకి ఒక లెక్క కాదు. కింద జాలీని బయటి వైపుకి ఒక అడుగు పరిచి మట్టి కప్పేయాలి, గోడ పక్కనే తవ్వడం దానికి అలవాటు కాబట్టి ఎక్కడ తవ్వినా అదే అడ్డొస్తుంది. ఇదంతా గట్టిగా ఉంటే ఎప్పుడన్నా తలుపు మొరాయించినా కొంప మునగదు. నక్క ఒక్కసారి లోపలికి దూరిందంటే ఒక కోడితో ఆగదు, కదిలేవన్నీ చంపేసి ఒకటి పట్టుకెళ్తుంది.

పగలు రాదులే అనుకునేవాళ్లకి ఒక మాట. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పిల్లల్ని సాకే టైం, పట్టపగలు పదకొండింటికి కూడా వస్తుంది, అప్పుడు తలుపు తెరిచే ఉంటుంది కదా. మేం ఇంట్లో లేని రోజుల్లో పెట్టల్ని తోటలోకి వదలొద్దని పెద్దావిడకి గట్టిగా చెప్పి వెళ్తాం. 2022 నవంబర్ నుంచి 2023 ఏప్రిల్ దాకా బర్డ్ ఫ్లూ అని ఇంగ్లాండ్ అంతా కోళ్లని లోపలే ఉంచమన్నప్పుడు, విచిత్రంగా నక్క టెన్షన్ తగ్గింది మాకు. అన్నట్టు 2024 అక్టోబర్ 1 నుంచి ఇక్కడ ఒక్క కోడి ఉన్నా రిజిస్టర్ చేయాల్సిందే, ఫ్రీయే, చేసేయండి.

మన తెలుగువాళ్లకి చూసుకోమని అప్పజెప్తే ఒక జాగ్రత్త చెప్పాలి. ఒకసారి మా ఫ్రెండ్ వాళ్లావిడ ప్రేమగా మిగిలిన సాంబారన్నం తెచ్చింది. ఈ దేశంలో వంటింటి మిగులు కోళ్లకి పెట్టడం చట్టం ప్రకారం తప్పు, పూర్తి వీగన్ ఇల్లు, అంటే మాంసమే కాదు పాలు, గుడ్లు కూడా రాని ఇల్లు అయితే తప్ప. "వదినా, దాణా డబ్బా అక్కడుంది, అదే వేయండి" అంటే ఆవిడకి కొంచెం కష్టంగానే అనిపించింది.

నక్కని బెదరగొట్టే మిగతా గాడ్జెట్ల సంగతి అడక్కండి. మెరిసే ఎర్ర లైట్లు, చెవికి వినపడని సౌండ్ చేసే డబ్బా, రాత్రంతా రేడియో, అన్నీ కొన్నాళ్లే, అలవాటు పడిపోతుంది. కంచె చుట్టూ మగవాళ్లు మూత్రం పోస్తే రాదని కూడా చెప్తారు, మా ఆవిడ ఒప్పుకోలేదు.

ఇప్పుడు మా పద్ధతి: శని ఆదివారాలు ఎటన్నా వెళ్తే తలుపు, జాలీ, కెమెరా, రాత్రికి పెద్దావిడ ఒక్క చూపు. అంతకన్నా ఎక్కువ రోజులైతే ఆవిడ ఊళ్లో ఉందో లేదో కనుక్కున్నాకే టికెట్లు బుక్ చేస్తాం, వచ్చేటప్పుడు ఆవిడకి పూతరేకులు. కొత్త కోళ్లు వచ్చిన మొదటి నెల అసలు ఎక్కడికీ వెళ్లం.

స్టార్లు అంటే ఐదుకి నాలుగు. తగ్గించిన ఒకటి ఆ కింది గాడికి.