ఎల్‌పీ రికార్డా, సీడీనా?

కొలతల్లో సీడీదే పైచేయి, అందులో అనుమానం లేదు. సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి ఒక్కో కొలతను 16 బిట్ల (16 సున్నా-ఒకట్ల) అంకెగా రాసుకుంటుంది. ఆ 16 బిట్ల వల్ల మెల్లటి ధ్వనికీ గట్టి ధ్వనికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ తేడాను పట్టగలదు. ఎల్‌పీలో, అంటే ముల్లు పెట్టి వినే పెద్ద రికార్డులో, 70 దాటడమే కష్టం. పైగా రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు ఒకే వేగంతో తిరిగినా, ముల్లు లోపలికి జరిగేకొద్దీ గాడి చుట్టు చిన్నదై, సెకను పాటకు దొరికే జాగా తగ్గిపోతుంది. అందుకే చివరి పాటలో 'స', 'ష'లు గరగరలాడతాయి.

అయినా నాకు ఎల్‌పీయే ఇష్టం. ముల్లు దించగానే వినిపించే ఆ చిటపట ఒకటి, ఇంకోటేమో, 1990ల నుంచి చాలా సీడీల్లో సౌండ్ పెంచాలని పాటంతా ఒకే గట్టితనానికి నొక్కేశారు (ఆ తప్పు మాస్టరింగ్‌ది, అంటే విడుదలకు ముందు పాటకు పెట్టే తుది మెరుగుది, డిజిటల్‌ది కాదు). కొత్త ఎల్‌పీ కొనేముందు మాత్రం చూసుకోండి, చాలావాటికి మూలం డిజిటల్ మాస్టరే, అంటే అంకెల రూపంలో ఉన్న తుది రికార్డింగే.