క్రానిక్ ఫెటీగ్ ఉన్నవాళ్ళకి ఆపరేషన్: పూర్తి మత్తా, వెన్నులో మత్తా, లోకలా.. ఏది మేలు?

ఎంత విశ్రాంతి తీసుకున్నా నీరసం తీరని, ఎమ్ఈ/సీఎఫ్ఎస్ అని డాక్టర్లు ఫైల్లో రాసే ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామంది ఆపరేషన్ అనగానే కత్తి కంటే మత్తుకే ఎక్కువ భయపడతారు. పూర్తిగా నిద్రపుచ్చితే లేచాక నెలల తరబడి మంచానికే అతుక్కుపోతామేమో అని. అందుకే మత్తు డాక్టర్ కనపడగానే "జనరల్ వద్దండీ, వెన్నులో ఇచ్చేయండి, అది లైట్ కదా" అనేస్తారు. నా పేచీ అక్కడే. స్పైనల్ లైట్ అనే మాట మన ఒంటికి వర్తిస్తుందని గ్యారంటీ లేదు.

ఈ జబ్బున్నవాళ్ళకి ఫలానా మత్తే మంచిదని తేల్చిన పెద్ద ట్రయల్స్ ఏమీ లేవు. కాబట్టి మీ ఒంట్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఏంటో చూసుకుని మాట్లాడుకోవాల్సిందే. అసలు చాలాసార్లు ఛాయిస్ కూడా ఉండదు లెండి, లాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్ అయితే పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు కాబట్టి దాదాపు ఎప్పుడూ జనరలే. మోకాలు, హెర్నియా, సిజేరియన్ లాంటివాటికి స్పైనల్ కుదురుతుంది, చేతికైతే ఆ చెయ్యి వరకే మొద్దుబార్చే నరాల బ్లాక్ ఉంటుంది.

లోకల్‌తోనో బ్లాక్‌తోనో అయిపోయే పని అయితే ఇంకేం ఆలోచించకండి, అదే మేలు. ఒక్క మెలిక మాత్రం ఉంది. లోకల్ ఇంజెక్షన్లో చాలాసార్లు ఎడ్రినలిన్ కలుపుతారు, రక్తం తక్కువ కారుతుందని, మత్తు ఎక్కువసేపు నిలబడుతుందని. పాట్స్ ఉన్నవాళ్ళకి, అంటే లేచి నుంచుంటేనే గుండె పరిగెత్తే రకానికి, అది పడగానే దడ, వణుకు మొదలవచ్చు. పళ్ళ డాక్టర్ దగ్గర కూడా ఇదే సంగతి. ఎడ్రినలిన్ లేనిదో తక్కువ ఉన్నదో అడగొచ్చు, కాకపోతే ఆ మత్తు త్వరగా దిగిపోతుంది, మధ్యలో ఇంకో డోసు పడొచ్చు.

ఇక స్పైనల్. వెన్నులో మందు వెళ్ళగానే నొప్పి నరాలతో పాటు రక్తనాళాల్ని బిగించి పట్టుకునే నరాలు కూడా పడుకుంటాయి, దాంతో కింది భాగంలో నాళాలు వదులై రక్తం కాళ్ళల్లో నిలిచిపోయి బీపీ పడిపోతుంది. ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ జరిగేదే, సెలైన్, ఫినైలెఫ్రిన్ లాంటి మందులు పెట్టి సర్దేస్తారు. కానీ మనలో చాలామందికి నుంచుంటే నాళాలు సరిగ్గా బిగుసుకోకపోవడమే అసలు సమస్య కదా, దాని మీద ఇది ఇంకో దెబ్బ. అలాగని స్పైనల్ చెయ్యకూడదనేం లేదు, ముందే చెబితే డాక్టర్ అన్నీ సిద్ధంగా పెట్టుకుంటారు.

ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి, ఆ కూర్చునే పద్ధతి. టేబుల్ అంచున కాళ్ళు వేలాడేసి, దిండు కౌగిలించుకుని, గెడ్డం ఛాతీకి ఆనించి వీపు వంచి "కదలకండి, కదలకండి" అంటుంటే అలా ఉండాలి. పది నిమిషాలు నిటారుగా కూర్చోలేనివాళ్ళకి ఆపరేషన్ మొదలవకముందే ఓపిక అయిపోతుంది. పక్కకి తిరిగి పడుకుని కూడా ఈ ఇంజెక్షన్ చేయొచ్చు, అడగండి. మెలకువగా ఉంటారు కాబట్టి లైట్లు, మెషీన్ల బీప్‌లు, ఎముకల ఆపరేషన్ అయితే సుత్తి చప్పుడు కూడా.. శబ్దం పడనివాళ్ళు కళ్ళకి గంత, చెవులకి హెడ్‌ఫోన్స్ అడగండి.

స్పైనల్ తర్వాత కొంతమందికి తలనొప్పి వస్తుంది, మామూలుగా మొదటి రెండు మూడు రోజుల్లో, లేచి కూర్చుంటే పగిలిపోతుంది, పడుకుంటే తగ్గుతుంది. కాస్త శ్రమపడ్డాక రోజో రెండ్రోజులో ఆగి కూలబడిపోయే మన క్రాష్ కూడా సరిగ్గా అదే టైములో వస్తుంది, మనకి పడుకుంటేనే హాయి, కాబట్టి "నాకిది మామూలేలే" అని ఊరుకునే ప్రమాదం ఉంది. ఊరుకోకండి, ఫోన్ చేయండి. స్పైనల్‌లో లాభాలూ ఉన్నాయి: బుర్ర అంతగా మొద్దుబారదు, వాంతులు తక్కువ, మొదటి కొన్ని గంటలు నొప్పి తెలీదు.

జనరల్ అంటే అంతా ఒకటే అనుకుంటారు, కాదు. గ్యాస్‌తో నిద్రపుచ్చేది ఒకటి, గ్యాస్ లేకుండా ప్రొపొఫాల్ డ్రిప్‌తో నడిపేది ఇంకోటి, దాన్ని టీవా అంటారు. గ్యాస్‌తో పోలిస్తే టీవా తర్వాత డోకు, వాంతులు తక్కువ, ఇది బాగా తెలిసిన విషయమే. ప్రొపొఫాల్ కూడా బీపీ తగ్గిస్తుంది, కానీ అప్పుడు మీరు పడుకునే ఉంటారు, కూర్చునే బాధ లేదు, సుత్తి చప్పుడు వినే బాధ లేదు. మత్తు మందు నెలల తరబడి ఒంట్లో ఉండిపోతుందనే మాట మాత్రం నిజం కాదు. అలర్జీలు, దద్దుర్లు ఎక్కువగా వచ్చేవాళ్ళు ఆ సంగతి చెప్పాలి, మార్ఫిన్, అట్రాక్యూరియం లాంటివి ఒంట్లో దురద, దద్దుర్లు తెప్పించే హిస్టమిన్ విడుదల చేయిస్తాయి, వాటి బదులు వేరేవి ఉన్నాయి. కీళ్ళు మరీ వదులుగా ఉన్నవాళ్ళు మెడ గురించి చెప్పాలి, ట్యూబ్ వేసేటప్పుడు మెడ వెనక్కి వంచుతారు.

నన్నడిగితే, లేస్తే కళ్ళు తిరిగే రకానికి టీవా పద్ధతిలో జనరల్ వైపే మొగ్గుతాను. నుంచోడం పర్లేదు, డోకూ బుర్ర మొద్దుబారడమే బాధ అన్నవాళ్ళకి స్పైనల్. మత్తు డాక్టర్ ఇంకోటి అంటే కారణం అడగండి, గొడవ పడకండి.

ఏ మత్తైనా లిస్టులో మొదటి కేసుగా పెట్టమనండి. రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా లేకుండా మధ్యాహ్నం దాకా ఎండబెడితే మనకి బీపీ అక్కడే పడిపోతుంది. మామూలు నియమం ఘన పదార్థాలకి 6 గంటలు, నీళ్ళకి 2 గంటలు. అదే రోజు ఇంటికా, ఒక రాత్రి ఉండడమా అంటే వార్డు గోల ఎంత ఉన్నా నేను ఉండమనే అంటాను, సెలైన్ ఆ రాత్రి కూడా నడుస్తుంది.

నడిపించే దగ్గర మాత్రం చిక్కే. కాళ్ళల్లో రక్తం గడ్డ కట్టకూడదని త్వరగా లేపి నడిపిస్తారు, అది అవసరమే, కానీ ఆ రోజు బాగానే నడిచి తర్వాత రెండో రోజో మూడో రోజో కూలబడిపోవడం మన జబ్బు లక్షణం. మంచంలోనే గంటకోసారి పాదాలు ఆడించడం, కొన్ని అడుగులే కానీ ఎక్కువసార్లు వేయడం, బిగుతు సాక్స్, అవసరమైతే రక్తం పలచబడే ఇంజెక్షన్, ఇవి ముందే మాట్లాడి ఫైల్లో రాయించండి.

మందుల చీటీలో, ఈ జబ్బుకి కొందరు వాడే లో డోస్ నాల్ట్రెక్సోన్ ఉంటే దాన్ని అన్నిటికంటే పైన రాయండి. అది చాలా తక్కువ డోసే కదా అని వదిలేస్తారు, కానీ మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి నొప్పి మందులు పట్టకుండా అడ్డుపడుతుంది, ఎన్ని రోజుల ముందు ఆపాలో మత్తు డాక్టరే చెప్పాలి. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు, బీపీ నిలబెట్టే ఫ్లూడ్రోకార్టిసోన్, స్టెరాయిడ్లు మాత్రం సొంతంగా ఆపొద్దు, చాలాకాలంగా స్టెరాయిడ్ వాడుతుంటే ఆపరేషన్ రోజు అదనంగా ఇవ్వాల్సి రావచ్చు.